బానెట్ గ్యాప్ కుదరకపోతే తప్పంతా హింజ్‌దేనా?

పాత బండ్ల రిస్టోరేషన్ చేసేవాళ్ల మధ్య ఒక మాట ఈమధ్య తరచుగా వినిపిస్తోంది. "ఇంజిన్ మీద, పెయింట్ మీద ఇంత ఖర్చు పెట్టాక బానెట్ హింజ్‌ల (బానెట్‌ని బండికి పట్టి ఉంచే కీళ్ల) దగ్గర వెనకాడటం ఎందుకు? మంచి మెషీన్డ్ అల్యూమినియంవి వేసేస్తే జీవితాంతం చూసుకోనక్కర్లేదు" అని. నా మిత్రుడొకడు తన షెవర్లే సీ10 పికప్‌కి సరిగ్గా ఇదే మాట నమ్మి ఖరీదైన జత ఒకటి తెప్పించాడు. బానెట్‌కీ ఫెండర్‌కీ (ముందు చక్రం మీది పక్క రేకుకీ) మధ్య ఉండే సందు, అంటే గ్యాప్, ఎడమవైపు కుదరడం లేదని అతని బాధ. కొత్తవి బిగించాడు. గ్యాప్ అలాగే ఉంది. అప్పుడు నన్ను పిలిచాడు.

అక్కడ ఏం దొరికిందో తర్వాత చెప్తాను. ముందు నా అభిప్రాయం. ఒరిజినల్ హింజ్‌లు మీ చేతిలో ఉండి, వాటి పట్టీలు వంకరపోకుండా ఉంటే, వాటిని విప్పి బుష్‌లు (రంధ్రంలో కూర్చునే చిన్న లోహపు గొట్టాలు) వేయించుకోవడమే అన్నిటికన్నా మంచి దారి. ఖరీదైనవి కొనదగ్గ సందర్భాలు లేకపోలేదు. కానీ ఎక్కువమంది వాటిని కొంటున్నది ఆ సందర్భాల్లో కాదు. గ్యాప్ సమస్యకు మందుగా కొంటున్నారు. అది మాత్రం సరికాదని నా గట్టి నమ్మకం.

హింజ్‌లో అరిగేది ఏమిటి?

1960లు, 70ల నాటి మస్టాంగ్, కమారో లాంటి అమెరికన్ కార్లు, ఆ కాలపు పికప్‌లలో వెనకవైపు ఉండే హింజ్ తలుపు హింజ్ లాంటి సాదా వస్తువు కాదు. నాలుగు లింకులు, వాటిని కలిపే రివెట్లు, పైన ఒక బలమైన స్ప్రింగ్. బానెట్ తెరిచేటప్పుడు అది తిన్నగా తిరగదు. వెనక అంచు వైపర్ల ముందున్న కౌల్ రేకుకు తగలకుండా కాస్త ముందుకి జరుగుతూ లేస్తుంది. ఆ దారిని నిర్ణయించేది లింకుల పొడవు, రంధ్రాల మధ్య దూరం. బానెట్ మూసి ఉన్నప్పుడు స్ప్రింగ్ సాగే ఉంటుంది, కానీ అది లాగే దిశ పివట్‌కి (లింకు తిరిగే కీలుకి) దగ్గరగా పోతుంది కాబట్టి బానెట్‌ని పైకి ఎత్తే బలం తక్కువ. తెరిచేకొద్దీ ఆ బలం పెరుగుతుంది. 20, 30 కిలోల రేకు ఒక చేతితో లేవడానికి కారణం ఇదే. అప్పట్లో ఇంత చవకగా, ప్రెస్‌లో కొట్టిన పట్టీలతో ఇంత చక్కటి పని రాబట్టిన ఇంజనీర్లంటే నాకు నిజంగా గౌరవం.

ఇందులో పట్టీలు అరగవు. అరిగేది రివెట్, రివెట్ ఉన్న రంధ్రం. యాభై ఏళ్లలో రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి సాగుతుంది. ఒక పివట్ దగ్గర అర మిల్లీమీటరు లూజు వచ్చిందనుకోండి. హింజ్ బానెట్‌ని పట్టుకునే పొడవు 15 సెంటీమీటర్లు, బానెట్ పొడవు 120 సెంటీమీటర్లు అయితే, ఆ అర మిల్లీమీటరు ముందు అంచుకి వచ్చేసరికి 4 మిల్లీమీటర్లు అవుతుంది. మంచి గ్యాప్ అని మనం అనుకునేదే 4, 5 మిల్లీమీటర్లు. రెండో హింజ్ కొంత అడ్డుకుంటుంది, మూసినప్పుడు లాక్ పట్టుకుంటుంది, కాబట్టి పూర్తి 4 మిల్లీమీటర్లూ కనబడవు. కానీ బానెట్ మూసే ప్రతిసారీ ఒక్కో చోట కూర్చోవడం, వెనక మూల కౌల్ రేకుకు రాసుకోవడం ఈ లూజు వల్లే.

ఖరీదైన హింజ్‌లో మనం డబ్బు పెట్టేది ఈ పివట్‌కే. కంచు బుష్‌లు గానీ బేరింగులు గానీ వేసి, రంధ్రాలు సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మెషీన్) మీద కొలత ప్రకారం చేసి, షోల్డర్ బోల్టులతో (తల కింద మర లేని నునుపు భాగం ఉన్న బోల్టులతో) బిగిస్తారు. ఇలాంటి ఖరీదైన హింజ్‌లు చేసే రింగ్‌బ్రదర్స్ లాంటివాళ్ల పనితనం చేతిలో పట్టుకుంటేనే తెలుస్తుంది. పక్కకి ఊపితే కదలదు. అందులో నాకు ఏ అభ్యంతరమూ లేదు. నేను అడిగేది ఒక్కటే. అదే బుష్, అదే షోల్డర్ బోల్టు పాత ఉక్కు పట్టీలో వేయలేమా?

వేయగలం. రివెట్ తల గ్రైండ్ చేసి, పంచ్‌తో బయటికి కొట్టి, రంధ్రాన్ని రీమర్‌తో గుండ్రంగా సరిచేసి, దానికి తగ్గ బుష్ నొక్కి, కొత్త పిన్ను వేయడం లేత్ పని తెలిసిన ఎవరికైనా పెద్ద పని కాదు. లింకులు అసలువే కాబట్టి రంధ్రాల మధ్య దూరం ఫ్యాక్టరీదే. బానెట్ నడవాల్సిన దారి చెక్కుచెదరదు.

అల్యూమినియం గురించి ఒక మాట

"అది ఏరోస్పేస్ గ్రేడ్, ఉక్కు కంటే గట్టిది" అనేది ప్రకటనల భాష. ఎక్కువగా వాడేది 6061 అల్యూమినియం. మంచి లోహమే. కానీ వంగకుండా నిలబడే గుణం తీసుకుంటే అల్యూమినియంది ఉక్కులో దాదాపు మూడో వంతు. 70 గిగాపాస్కల్స్ ఎక్కడ, 200 ఎక్కడ. అందుకే ఈ హింజ్‌ల పట్టీలు అంత మందంగా ఉంటాయి. ఆ మందం అందానికే కాదు, అవసరానికి కూడా. డిజైన్ చేసినవాళ్లకి ఆ సంగతి తెలుసు, సరిపడా మందం పెడతారు, అది హాయిగా పనిచేస్తుంది. కానీ ఆ మందం వల్ల కొన్ని బండ్లలో ఫెండర్ లోపలి రేకుకో, వైరింగుకో దగ్గరపడుతుంది. పైగా తేమ ఉన్నచోట అల్యూమినియంలో ఉక్కు బోల్టు నేరుగా కూర్చుంటే ఆ అంచున అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుంది. బోల్టుకి యాంటీ-సీజ్ పేస్టు (పట్టేయకుండా కాపాడేది) రాయడం, కింద మంచి వాషర్ పెట్టడం మర్చిపోకూడదు.

ఇంకో తేడా స్ప్రింగ్ బదులు గ్యాస్ స్ట్రట్ (గ్యాస్ ఒత్తిడితో పైకి తోసే గొట్టం లాంటి ఊత) రావడం. స్ట్రట్‌తో బానెట్ మెల్లగా, మెత్తగా లేస్తుంది. చూడటానికి ఎంత బాగుంటుందో నేను కాదనను. లోపల ఉండేది ఒత్తిడితో నింపిన నైట్రోజన్. ఉష్ణోగ్రత 20 డిగ్రీల నుంచి సున్నాకి పడితే దాని బలం దాదాపు 7 శాతం తగ్గుతుంది. బానెట్ బరువుకి అంచున సరిపోయేలా స్ట్రట్ ఎంచుకుని ఉంటే, చలి ఉదయాన బానెట్ నెత్తి మీదికి దిగడం మొదలవుతుంది. సీల్ ముసలిదయ్యాక ఎండాకాలంలో కూడా అంతే. స్ట్రట్ మార్చుకునే వస్తువు, స్ప్రింగ్ అలా కాదు. 1967లో బిగించిన స్ప్రింగులు ఈరోజుకీ బానెట్ ఎత్తుతున్నాయి. అందుకే ఎవరైనా కొంటామంటే నేను మొదట అడిగేది, స్ట్రట్ మామూలు సైజుదా, దాని మీద న్యూటన్లలో బలం రాసి ఉందా అని. పదేళ్ల తర్వాత ఆ కంపెనీ ఉన్నా లేకపోయినా స్ట్రట్ దొరకాలి కదా.

మిత్రుడి పికప్ దగ్గర దొరికింది

ఎడమ గ్యాప్ కుదరడం లేదన్న ఆ సీ10 దగ్గరికి వెళ్లాను. బానెట్ జోలికి పోకుండా ముందు తలుపుకీ ఫెండర్‌కీ మధ్య గ్యాప్ చూశాను. కుడివైపు పై నుంచి కింద దాకా ఒకేలా ఉంది. ఎడమవైపు పైన వెడల్పు, కింద ఇరుకు. అంటే ఫెండర్ ముందుకి వాలింది. రేడియేటర్ సపోర్టు (ముందు రేడియేటర్‌ని పట్టుకునే చట్రం) ఛాసిస్ మీద రబ్బరు బుష్‌ల మీద కూర్చుంటుంది. ఎడమ బుష్ నలిగి దాదాపు రొట్టెలా అయిపోయింది. ముందు రేకుల పని అంతా ఆ సపోర్టును పట్టుకునే నిలబడుతుంది. అది దిగితే ఫెండర్ దిగుతుంది, బానెట్ లాక్ దిగుతుంది, ఫెండర్ లోపలి పలకకు బిగించిన హింజ్ కూడా దాంతోపాటే వాలుతుంది. హింజ్ ఎంత ఖరీదుదైనా అది బిగించిన రేకే వాలి ఉంటే ఏం చేయగలదు?

రబ్బరు బుష్‌లు మార్చి, ఒక షిమ్ (ఎత్తు సరిచేసే పల్చని రేకు ముక్క) వేసి, ఫెండర్‌ని తలుపుకి సరిచేశాక బానెట్ దాని చోట అదే కూర్చుంది. నేను పట్టుబట్టి పాత హింజ్‌లు కూడా ఒకసారి బిగించి చూపించాను. వాటిలో కొంచెం లూజు ఉంది, కానీ గ్యాప్ కుదిరింది. మిత్రుడు కొత్తవే ఉంచుకున్నాడు, అవి బాగున్నాయి కూడా. కానీ అతని అసలు సమస్య తీర్చింది చవకైన రబ్బరు ముక్క.

ఇది ఒక్క బండి కథ కాదు. గ్యాప్ అనేది వెనక నుంచి ముందుకి కట్టుకుంటూ వచ్చే పని. మొదట తలుపులు, తర్వాత తలుపుకి ఫెండర్, ఆ తర్వాతే బానెట్. హింజ్‌లో ఫెండర్ వైపున్న పొడుగు రంధ్రాలతో వెనక అంచు ఎత్తు, బానెట్ వైపున్న రంధ్రాలతో ముందు వెనకల జరుగుదల, ముందున్న రబ్బరు స్టాపర్లతో ముందు అంచు ఎత్తు. లాక్‌తో బానెట్‌ని పక్కకి లాగి గ్యాప్ కుదిర్చేవాళ్లను చూశాను. అలా చేస్తే మూసిన ప్రతిసారీ లాక్ రాసుకుంటుంది, ఒకరోజు పట్టేస్తుంది. చివరికి కుదుర్చుకోవాల్సిన దాన్ని ముందు బిగిస్తే ఏ హింజ్‌నైనా తిట్టుకోవాల్సిందే.

మరి పెయింట్ మాటేమిటి?

నా వాదనకి ఎదురుగా నిలబడే గట్టి మాట ఒకటుంది. దాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. "బానెట్ ఒక్కసారి కౌల్ రేకుకు తగిలి మూల పెచ్చు లేచిందంటే, రంగు కలిపి మళ్లీ వేయించే ఖర్చు ముందు ఈ హింజ్ ఖర్చు ఎంత?" అని. నిజమే. ఇంకా ఘోరం బానెట్ మడత పడటం. 1967 నుంచి 72 దాకా వచ్చిన షెవర్లే, జీఎంసీ పికప్‌ల బానెట్లు మధ్యలో మడత పడటం చాలామందికి తెలిసిన సంగతే. తుప్పుతో హింజ్ బిగిసిపోతుంది, మనిషి ముందు అంచు పట్టుకుని కిందికి నొక్కుతాడు, వెనక భాగం కదలదు, రేకు మధ్యలో వంగిపోతుంది. అలాంటి మడత తీయడం మంచి డెంటింగ్ పనివాడికి కూడా కష్టం.

కానీ ఈ వాదన పాడైన హింజ్‌ని వదిలించుకోమంటోంది. అల్యూమినియంది కొనమని చెప్పడం లేదు. బుష్ వేసి, గ్రీజు పెట్టి, చేత్తో ఆడిస్తే నూనెలో తేలినట్టు కదిలే పాత హింజ్ పెయింట్‌ని అంతే బాగా కాపాడుతుంది. మడత పడిన బానెట్లలో చాలావాటికి కావలసింది అప్పుడప్పుడూ నాలుగు చుక్కల నూనె మాత్రమే.

నాకు నిజంగా సందేహం ఉన్నచోటు వేరే. బుష్ వేసేది ఎవరు? పాత రంధ్రాన్ని చేతి డ్రిల్‌తో ఇష్టమొచ్చినట్టు పెద్దది చేస్తే మధ్య బిందువు పక్కకి పోతుంది. ఎడమ హింజ్ ఒక దారిలో, కుడిది ఇంకో దారిలో నడుస్తాయి. బానెట్ మెలిపడుతూ మూసుకుంటుంది. అలా చెడగొట్టిన జత కంటే మామూలుగా అరిగిన జతే నయం. ఒక వర్క్‌షాపులో ఇలాగే బాగుచేసి ఇచ్చిన జతను చూశాను. పివట్ బిగుతుగానే ఉంది, కానీ రెండింటినీ పక్కపక్కన పెట్టి తెరిస్తే ఒకటి ముందు ఆగిపోతోంది. కాబట్టి కొలత పట్టి పనిచేసే మనిషి అందుబాటులో లేనివాళ్లు, ఆ పని స్వయంగా నేర్చుకునే తీరిక లేనివాళ్లు ఖరీదైనవి కొంటే నేను తప్పుపట్టను. వాళ్లు కొంటున్నది మెరుపు కాదు, కొలత. ఈ విషయంలో నా అభిప్రాయం కొన్నేళ్ల క్రితం ఉన్నంత గట్టిగా ఇప్పుడు లేదు.

అన్నిటికన్నా వద్దనేది చవక రకం

ఖరీదైనవాటి మీద ఇంత రాశాను గానీ, నిజమైన చిరాకు నాకు చవక నకళ్ల మీద. పట్టీ మందం తక్కువ, రివెట్ కొత్తప్పుడే ఊగుతుంది, స్ప్రింగ్ బానెట్‌ని సగంలో వదిలేస్తుంది లేదా విపరీతంగా పైకి తోస్తుంది. అన్నీ అలా ఉండవు, మంచి నకళ్లు కూడా వస్తున్నాయి. తేడా తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. పాతదాన్ని, కొత్తదాన్ని పక్కపక్కన పెట్టి క్యాలిపర్‌తో పివట్ నుంచి పివట్‌కి దూరం కొలవండి. తర్వాత స్ప్రింగ్ లేకుండా తెరిచి మూస్తూ పక్కకి ఊపండి. కొత్తది పాతదాని కంటే ఎక్కువ ఊగితే వెంటనే తిరిగి పంపేయడమే. పాతవి స్క్రాప్‌లో పడేసి కొత్త నకళ్లు బిగించుకున్నవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది. దయచేసి పాతవి పారేయకండి. బాగుచేయదగ్గ ఉక్కు అది.

చవకవి కొని, కుదరక, మళ్లీ ఖరీదైనవి కొనేవాళ్లే ఎక్కువ నష్టపోతారు. వాళ్ల అనుభవమే "ఖరీదైనవే దిక్కు" అన్న మాటకి బలమిస్తోందని నా అనుమానం. వాళ్లు పోల్చింది చవక నకలుతో. బుష్ వేసిన ఒరిజినల్‌తో ఎప్పుడూ పోల్చి చూడలేదు.

ఎప్పుడు కొనొచ్చు?

బానెట్ మారినప్పుడు. ఇదొక్కటి నేను సందేహం లేకుండా ఒప్పుకుంటాను. ఉక్కు బానెట్ తీసి ఫైబర్‌గ్లాస్‌దో కార్బన్ ఫైబర్‌దో వేస్తే బరువు ఒక్కసారిగా పడిపోతుంది. ఉక్కు బరువు కోసం చేసిన స్ప్రింగ్ ఆ తేలిక బానెట్ వెనక మూలల్ని నిరంతరం పైకి తోస్తూ ఉంటుంది. కొన్నాళ్లకి మూలలు పైకి లేచి అలాగే ఉండిపోతాయి. బలహీనమైన స్ప్రింగ్ వేసుకోవచ్చు, లేదా స్ప్రింగ్ తీసేసి ఊతకర్ర పెట్టుకోవచ్చు. బరువుకి తగ్గ స్ట్రట్ ఎంచుకునే వీలున్న కొత్త హింజ్ ఇక్కడ నిజమైన పరిష్కారం.

ఒరిజినల్ జత దొరకనే దొరకనప్పుడు, లేదా ప్రమాదంలో పట్టీలే మెలిపడినప్పుడు కూడా అంతే. ఇంజిన్ బే అంతా కొత్త పద్ధతిలో అలంకరించిన రెస్టోమాడ్ బండికి అందం కోసం వేసుకున్నా నాకు అభ్యంతరం లేదు. అందం కోసం ఖర్చు పెట్టడం తప్పు కాదు, అందం కోసమే పెడుతున్నామని తెలిస్తే చాలు. ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉండాలనుకునే బండికి మాత్రం అది పూర్తిగా వ్యతిరేకం. మస్టాంగ్ హింజ్‌లకి ఫ్యాక్టరీలో నల్లరంగు కూడా కొట్టలేదు, ఫాస్ఫేట్ పూత వేశారు. ఆ ముదురు బూడిద రంగు కోసం పోటీల్లో జడ్జీలు వంగి చూస్తారు. అక్కడ మెరిసే అల్యూమినియం పెడితే మార్కులు పోతాయి.

బాగుచేసే దారి ఎంచుకున్నవాళ్లకి

స్ప్రింగ్ దగ్గర జాగ్రత్త. స్క్రూడ్రైవర్‌తో ఎగదోసి తీయడం ప్రమాదం, జారితే కంటికే వస్తుంది. బానెట్ పూర్తిగా తెరిచి, ఇంకొకరు పట్టుకోగా స్ప్రింగ్‌ని కొక్కెంతో లాగాలి. బానెట్ ఇంకా బండి మీద ఉండగా, మూసిన స్థితికి దగ్గరగా స్ప్రింగ్ సాగి ఉన్నప్పుడే చుట్ల మధ్య వాషర్లు దూర్చి ఉంచే పద్ధతి నాకు ఎక్కువ నచ్చుతుంది. అలా పొడవుగా నిలిచిపోయిన స్ప్రింగ్ చేత్తో ఊడివస్తుంది. వాషర్లున్న స్ప్రింగ్‌లో బలం అలాగే దాగి ఉంటుంది కాబట్టి కళ్లద్దాలు, గ్లవ్స్ తీయకూడదు.

తుప్పు తీయడానికి స్ప్రింగ్‌ని యాసిడ్‌లో ముంచొద్దు. గట్టి ఉక్కులోకి హైడ్రోజన్ చేరి అది పెళుసవుతుంది, ఒకరోజు హెచ్చరిక లేకుండా విరుగుతుంది. జింక్ ప్లేటింగ్‌లోనూ ఇదే భయం. చేయిస్తే ఆ వెంటనే 190, 200 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు వేడిలో ఉంచాలి. అది చేస్తారో లేదో అడిగి తెలుసుకున్నాకే ఇవ్వండి. నా వరకు స్ప్రింగ్‌కి వైర్ బ్రష్, కాస్త నూనె చాలు. పట్టీలకి పౌడర్ కోటింగ్ వేయిస్తే పివట్ ముఖాలకి మాస్కింగ్ చేయించాలి. ఆ పూత మందంగా కూర్చుంటుంది, కదిలే చోట పడితే కొత్త హింజ్ కూడా బిగుసుకుపోతుంది.

అన్నిటికంటే ముఖ్యం, పెయింట్‌కి ముందే అన్నీ బిగించి చూసుకోవడం. ఉత్త రేకు మీద, స్ప్రింగులు తగిలించి, రబ్బరు సీలు కూడా పెట్టి బానెట్‌ని పదే పదే మూసి చూడండి. సీలు లేకుండా కుదిరిన గ్యాప్ సీలు పెట్టాక మారుతుంది. స్ప్రింగ్ లేకుండా కుదిరింది స్ప్రింగ్ తగిలించాక లేస్తుంది. కుదిరాక హింజ్‌కీ రేకుకీ కలిపి 3 మిల్లీమీటర్ల చిన్న రంధ్రం వేసి పెట్టుకుంటే, పెయింట్ అయ్యాక ఆ రంధ్రాల్లో డ్రిల్ బిట్ దూర్చి అదే చోట బిగించొచ్చు. బిగించేటప్పుడు వెనక మూలలకి మాస్కింగ్ టేపు రెండు పొరలు వేసి, రెండువైపులా ఇద్దరు మనుషులుండాలి. మొదటిసారి మూసేటప్పుడు లాక్ తీసేసి, ఒకరు కౌల్ రేకు దగ్గర వంగి చూస్తూ ఉండగా, అంగుళం అంగుళం దించండి.

మిత్రుడి పికప్‌లోంచి తీసిన పాత జత ఇప్పుడు నా దగ్గరే ఉంది, అతనే ఇచ్చాడు. వాటి రివెట్లు తీసి కంచు బుష్‌లు వేయబోతున్నాను. అదే మోడల్ మీద పనిచేస్తున్న ఇంకొకతను అల్యూమినియంవి ఆర్డర్ పెట్టబోతూ ఆగి, ఇవి ఎలా వస్తాయో చూశాక నిర్ణయిస్తానన్నాడు. రెండు రకాలూ ఒకే బండి మీద మార్చి బిగించి, మూల దగ్గర కదలికను డయల్ గేజ్‌తో (చిన్న కదలికను ముల్లుతో చూపే కొలత సాధనంతో) కొలుద్దామని అనుకున్నాం. అంకెలు వచ్చాక, అవి నా మాటకి ఎదురు తిరిగినా సరే, ఇక్కడే రాస్తాను.